ఇంటి పెద్ద ఎవరు?: స్త్రీల అధ్యయన యాత్రలు, సంక్షేమం, దివిసీమ

తెలుగులో యాత్రా సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ వరసలో స్త్రీలు ఎక్కడున్నారని వెతికితే తీర్థయాత్రలూ, భర్తల ఉద్యోగాల వెంట చేసిన ప్రయాణాలూ కనిపిస్తాయి. ఈ రెండిటికీ చెందని మూడో రకం ప్రయాణం ఒకటి వుంది. ఇంకో దేశం తన తల్లులకూ, పనిచేసే ఆడవాళ్ళకూ, దిక్కులేని పిల్లలకూ ఏ ఏర్పాట్లు చేసుకుందో చూసి రావడానికి స్త్రీలు చేసిన ప్రయాణం అది. మహాసభలకు ప్రతినిధులుగా, ప్రభుత్వ బృందాల్లో సభ్యులుగా, పైచదువుకు వెళ్ళిన డాక్టర్లుగా వాళ్ళు వెళ్ళారు. వాళ్ళలో చాలామంది యాత్రాగ్రంథాలు రాయలేదు కాబట్టి సాహిత్య చరిత్ర వాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు. స్త్రీ శిశు సంక్షేమం అసలు రాజకీయమే కాదనుకుంది కాబట్టి రాజకీయ చరిత్రా తీసుకోలేదు.

ఆ ప్రయాణాల్లో కొన్నిటిని ఇక్కడ రెండు ప్రశ్నలతో చదవాలనుకుంటున్నాను. వాళ్ళు వెళ్ళిన కాలంలో యూరప్ స్త్రీలు దేనికోసం పోరాడుతున్నారు? అక్కడ రూపుదిద్దుకున్న దానిలో ఏది మన దాకా వచ్చింది, ఏది దారిలో ఆగిపోయింది? రెండో ప్రశ్నకు జవాబు ఢిల్లీ, హైదరాబాదు ఫైళ్ళలో కంటే నాగాయలంకలాంటి చోట స్పష్టంగా కనిపిస్తుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలితే మధ్యన మిగిలిన నేల దివిసీమ. దాని దక్షిణాన, మడ అడవులకూ సముద్రానికీ దగ్గర్లో నాగాయలంక. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత రాజ్యం, స్వచ్ఛంద సంస్థలు, విదేశీ దాతలు అందరూ ఒకేసారి ‘సంక్షేమం’ పట్టుకుని దిగిన నేల ఇది. ఒక విధానం స్త్రీని ఏమనుకుంటోందో తెలుసుకోవాలంటే దాని చివరి గడప దగ్గర నిలబడి చూడాలి.

మచిలీపట్నం కిటికీ

దివిసీమకు యూరప్ కొత్త పేరు కాదు. పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టారు. ఇక్కడి అద్దకం బట్ట అక్కడి ఇళ్ళలో పరదా అయింది, అక్కడి దొరసానుల గౌను అయింది. అంటే ఈ తీరపు చేతుల పని యూరప్ చూసింది కానీ, ఆ చేతులు యూరప్‌ను చూడలేదు.

చూసిన తెలుగు స్త్రీలలో తొలితరం పేరు పోతం జానకమ్మ. మద్రాసు నుంచి 1870లలో ఇంగ్లండు వెళ్ళి వచ్చి, తెలుగులో రాసుకున్నదాన్ని తానే ఇంగ్లీషు చేసి 1876లో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో అచ్చువేశారు. సముద్రం దాటితే కులం పోతుందన్న రోజుల్లో ఒక స్త్రీ దాటడమే కాక, తిరిగొచ్చి అక్కడి సంగతులు పదిమందికీ చెప్పడం చిన్న విషయం కాదు.

పావు శతాబ్దం తర్వాత మచిలీపట్నంలో ఇంకో రకం ప్రయాణం మొదలైంది. 1902లో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీరత్నమాంబ కలిసి బృందావన స్త్రీల సమాజం స్థాపించారు. అప్పటికి ఏడాది ముందే అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం వెలువడింది. స్త్రీలు అబలలు, అవివేకులు అన్న మాటకు చరిత్రలోంచి స్త్రీలను వరసగా నిలబెట్టి జవాబు చెప్పిన పుస్తకం అది. మన దేశపు చారిత్రక స్త్రీలతో, పురాణ స్త్రీలతో ఆగకుండా విదేశీ స్త్రీల చరిత్రలకు ఒక భాగం కేటాయించాలన్నది ఆమె ప్రణాళిక. 1905లో ముప్ఫై ఏళ్ళకే ఆమె పోవడంతో అది అందలేదు. ఓడ ఎక్కని అచ్చమాంబ, దూరదేశపు స్త్రీల అనుభవం మన స్త్రీలకు పనికొచ్చే సాక్ష్యం అన్న ఆలోచనను మాత్రం ఇక్కడ నాటి వెళ్ళారు. అధ్యయన యాత్రకు కావాల్సిన మొదటి సరంజామా అదే.

పారిస్, 1926

1926 మే చివర, జూన్ మొదట్లో పారిస్‌లో అంతర్జాతీయ మహిళా ఓటుహక్కు కూటమి మహాసభ జరిగింది. దానికి భారత ప్రతినిధుల్లో ఒకరు మద్రాసుకు చెందిన ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి. ఆమె గురించిన పరిచయాలన్నిటిలో పారిస్ ఒక వాక్యం. నాలుగేళ్ళ తర్వాతి ఉప్పు సత్యాగ్రహం, జైలు శిక్ష, 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో ప్రజారోగ్య శాఖ ఆ వాక్యాన్ని కప్పేశాయి. కానీ ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగితే మనకు అలవాటైన బొమ్మ ఒకటి తలకిందులవుతుంది.

వెనకబడిన దేశపు స్త్రీ ముందడుగు వేసిన దేశానికి వెళ్ళి పాఠం నేర్చుకుని రావడం ఆ బొమ్మ. రుక్మిణమ్మ వెళ్ళేనాటికి మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు ఓటు వచ్చి అయిదేళ్ళయింది. 1921లో మద్రాసు శాసనమండలి ఆస్తి అర్హతలున్న స్త్రీలకు పురుషులతో సమానంగా ఓటు ఇచ్చింది. ఆ సభకు ఆతిథ్యమిచ్చిన ఫ్రాన్సులో ఏ స్త్రీకీ ఓటు లేదు. వాళ్ళకు 1944 దాకా రాలేదు. బెల్జియంలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు స్త్రీలందరికీ 1948లో, స్విట్జర్లాండులో 1971లో వచ్చింది. ఆ సభలో వున్న మరో మద్రాసు ప్రతినిధి డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తిరిగొచ్చి శాసనమండలి సభ్యురాలయ్యారు, దానికి ఉపాధ్యక్షురాలయ్యారు. ఎవరు ఎవరికి పాఠం చెప్పాలన్నది అంత తేలిక ప్రశ్న కాదు. మద్రాసు ఓటు కూడా ఎవరికి వచ్చింది? పన్ను కట్టే ఆస్తి వున్నవాళ్ళకు. దివిసీమలో మడిలో వంగి ఊడ్చే స్త్రీకి 1921లోనూ రాలేదు, ఆ తర్వాత పాతికేళ్ళూ రాలేదు.

ఆ సభను చీల్చిన చర్చ ఓటు గురించి కాదు, పని గురించి. స్త్రీలను రాత్రి పని నుంచి, బరువు పని నుంచి ‘రక్షించే’ ప్రత్యేక చట్టాలు కావాలా, లేక పనిలో పూర్తి సమానత్వం కావాలా అన్నది వివాదం. ప్రత్యేక రక్షణ స్త్రీని ఉద్యోగం నుంచి తప్పించే మార్గమేనని వాదించిన అమెరికా నేషనల్ వుమన్స్ పార్టీని కూటమిలో చేర్చుకోలేదు. దానికి నిరసనగా బ్రిటన్‌కు చెందిన సిక్స్ పాయింట్ గ్రూప్ తన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. స్త్రీని తల్లిగా చూసి ఆదుకోవాలా, పనిమనిషిగా, అంటే పనిచేసే మనిషిగా, చూసి హక్కివ్వాలా? ఇరవయ్యో శతాబ్దపు సంక్షేమ చరిత్ర అంతా ఈ రెండు చూపుల మధ్య నడిచింది.

మన దగ్గర ముందు గెలిచింది మొదటి చూపు, అదీ సగమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే ప్రసూతి రక్షణ ఒడంబడిక చేసింది. బొంబాయిలో 1929లో ప్రసూతి సౌకర్యాల చట్టం వచ్చింది, మద్రాసులో 1930లలో వచ్చింది. 1961లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. ఇవన్నీ ఫ్యాక్టరీ గేటు లోపలి స్త్రీకి. కృష్ణా డెల్టాలో ఫ్యాక్టరీ గేట్లు ఎన్ని? పొలానికి గేటు వుండదు, హాజరు పట్టీ వుండదు. అందువల్ల అక్కడ కాన్పయిన స్త్రీ చట్టం దృష్టిలో పనిచేసే మనిషి కాదు.

తల్లి చేతికి అయిదు షిల్లింగులు

యూరప్ సంక్షేమం అనగానే మనకు గుర్తొచ్చే పేరు బెవరిడ్జి. 1942 నాటి ఆయన నివేదిక పుట్టుక నుంచి చావు దాకా భద్రత ఇస్తానంది. అందులో పెళ్ళయిన స్త్రీ మాత్రం భర్త బీమా మీద ఆధారపడిన మనిషి. ఉద్యోగం చేస్తున్నా పూర్తి చందా కట్టకుండా భర్త హక్కు కింద వుండిపోయే వీలు ఆమెకు కల్పించారు. వీలు అన్నారు కానీ, దాని ఫలితం ముసలితనంలో తన పేరున పింఛను లేకపోవడం. కొత్తగా ఎవరూ ఆ పద్ధతి ఎంచుకోకుండా ఆపింది 1977లో.

ఆ చట్రంలోనే పోరాడి ఒక ముక్క సాధించినవారు ఎలినార్ రాత్‌బోన్. కుటుంబంలో తల్లి చేసే పనికి విలువ కట్టరా అని 1924లోనే ‘ది డిస్ ఇన్హెరిటెడ్ ఫ్యామిలీ’ అనే పుస్తకం రాశారు. 1945లో కుటుంబ భత్యాల బిల్లు వచ్చినప్పుడు రెండో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి వారానికి అయిదు షిల్లింగులన్నారు. ఆ డబ్బు తండ్రికి చెందుతుందన్నది బిల్లు రాసినవాళ్ళ మాట. రాత్‌బోన్ పార్లమెంటులో పట్టుబట్టి దాన్ని తల్లి పేరున మార్పించారు. 1946 ఆగస్టులో మొదటి చెల్లింపులు జరిగేనాటికి ఆమె లేరు. ఆ జనవరిలోనే పోయారు.

ఇదే రాత్‌బోన్ భారత స్త్రీల విషయంలో ఎలా ప్రవర్తించారో మర్చిపోకూడదు. కేథరిన్ మేయో ‘మదర్ ఇండియా’ రేపిన దుమారం తర్వాత 1929లో లండన్‌లో భారత స్త్రీల స్థితి మీద ఆమె ఒక సభ పెట్టారు. మా సమస్యల గురించి మాట్లాడేది మీరా అని ధన్వంతి రామారావు అక్కడే లేచి నిలదీశారు. రాత్‌బోన్ 1932లో భారతదేశం తిరిగి వెళ్ళి 1934లో బాల్య వివాహాల మీద రాసిన పుస్తకానికి పెట్టిన పేరులో భారతదేశం మనుషులను మింగే రాక్షసి. అధ్యయన యాత్ర రెండు వైపులా నడుస్తుంది. ఇటు నుంచి వెళ్ళినవాళ్ళు విద్యార్థులుగా వెళ్ళారు. అటు నుంచి వచ్చినవాళ్ళు న్యాయమూర్తులుగా వచ్చారు. తన దేశపు తల్లికి డబ్బు ఇప్పించిన మనిషికి, మన దేశపు తల్లి మాట వినే ఓపిక లేకపోయింది.

దుర్గాబాయి చూసింది, కట్టింది

ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే పెద్దయ్యాక దాని నుంచి బయటపడి, కాకినాడలో బాలికలకు హిందీ బడి నడిపి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, ఆ తర్వాత మెట్రిక్ నుంచి లా దాకా చదివిన దుర్గాబాయి మనకు బాగా తెలిసిన మనిషి. జైల్లో తనమీద మోపిన నేరమేమిటో కూడా తెలియని గ్రామీణ స్త్రీలను చూసి న్యాయశాస్త్రం చదవాలనుకున్నారు. ఒక రకంగా ఆమె మొదటి అధ్యయన యాత్ర ఆ జైలే. 1937లో ఆంధ్ర మహిళా సభ, 1946లో రాజ్యాంగ సభ, 1952లో ప్రణాళికా సంఘం, 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షత.

1953లో చైనా వెళ్ళినప్పుడు ఆమె అక్కడి కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించారు. తిరిగొచ్చి అలాంటివి ఇక్కడా కావాలని న్యాయమూర్తులు ఛాగ్లా, గజేంద్రగడ్కర్‌లతో, నెహ్రూతో చర్చించారు. మన కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది, ఆమె పోయిన మూడేళ్ళకు. యాత్రకూ చట్టానికీ మధ్య ముప్ఫయ్యొక్క సంవత్సరాలు.

సంక్షేమ బోర్డు ఎంచుకున్న దారి వేరు. పశ్చిమ యూరప్ దేశాలు పన్నుల నుంచి, బీమా చందాల నుంచి హక్కుగా ఇచ్చే సంక్షేమాన్ని నిర్మించుకుంటున్న కాలం అది. బీద దేశానికి అంత శక్తి లేదన్నారు. బోర్డు స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చి వాళ్ళ చేత పని చేయించింది. 1954 నుంచి గ్రామాల్లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు పెట్టి బాలవాడీలు, కాన్పు సహాయం, చేతిపనులు, అక్షరాలు నేర్పింది. 1958లో చదువు ఆగిపోయిన వయోజన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. ఆ కోర్సుల్లో చదివి టీచర్లు, నర్సులు అయిన స్త్రీల జీవితాలను చూస్తే దుర్గాబాయి చేసిన పనిని తక్కువ చేసి మాట్లాడటానికి నోరు రాదు.

అయినా ప్రశ్నించుకోవాల్సింది వుంది. అదే కాలంలో, 1955 నుంచి 1961 దాకా, ఢిల్లీలో స్వీడన్ రాయబారిగా ఆల్వా మిర్డాల్ వున్నారు. స్వీడన్ సంక్షేమ రాజ్యపు రూపకర్తల్లో ఒకరు. వయోలా క్లైన్‌తో కలిసి ఆమె 1956లో వెలువరించిన ‘విమెన్స్ టూ రోల్స్’ ఇల్లూ ఉద్యోగమూ రెండూ స్త్రీవేనని, వాటి మధ్య ఆమె నలిగిపోకుండా సమాజమే ఏర్పాట్లు చేయాలని వాదించింది. మన బోర్డు దృష్టిలో గ్రామీణ స్త్రీ ప్రధానంగా తల్లి, వితంతువు, నిరాధార. ఆమెకు కుట్టుమిషను ఇచ్చారు. ఆమె అప్పటికే రోజుకు ఎనిమిది గంటలు మడిలో వుందన్నది లెక్కలోకి రాలేదు. ఇందులో కులం వుంది. సంస్కర్తలు తమ ఇళ్ళలో చూసిన వితంతువు గడప దాటలేని వితంతువు, ఆమెకు పని నేర్పడమే విముక్తి. కూలి కులాల వితంతువు గడప దాటకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. మారుమనువు ఆచారంగా వున్న కులాలకు వితంతు వివాహ ఉద్యమం కొత్తగా ఇచ్చిందేమీ లేదు. ఆమెకు కావాల్సింది చేస్తున్న పనికి సరైన కూలి. 1974 నాటి ‘టువర్డ్స్ ఈక్వాలిటీ’ నివేదిక స్త్రీలు పనిలోంచి ఎలా నెట్టబడుతున్నారో అంకెలతో చూపించేదాకా, ఆరో పంచవర్ష ప్రణాళిక 1980లో స్త్రీలూ అభివృద్ధీ అని ఒక అధ్యాయం రాసేదాకా, సంక్షేమం అన్న మాట ఆ కూలి దగ్గరికి పోలేదు.

ఒప్పందంలో ఒక అధికరణం

రెండో చూపు, స్త్రీని పనిచేసే మనిషిగా చూసే చూపు, యూరప్‌లో బలపడిన తీరు విచిత్రంగా వుంటుంది. 1957 మార్చి 25న ఆరు దేశాలు రోమ్‌లో యూరోపియన్ ఆర్థిక సమాజపు ఒప్పందం చేసుకున్నాయి. బొగ్గు, ఉక్కు, గోధుమలు, సుంకాలు మాట్లాడుకున్న ఆ ఒప్పందంలో 119వ అధికరణం స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అంది. స్త్రీల మీద ప్రేమతో కాదు. ఫ్రాన్సులో సమాన వేతన నియమం అప్పటికే వుంది. స్త్రీలకు తక్కువ కూలి ఇచ్చే పొరుగు దేశాల చవక సరుకు తమ బట్టల మిల్లులను ముంచేస్తుందని ఫ్రెంచి యజమానులు భయపడ్డారు. పోటీ నియమంగా రాసిన ఆ అధికరణం తొమ్మిదేళ్ళపాటు కాగితం మీదే వుంది.

దాన్ని కదిలించింది బెల్జియంలోని ఎర్స్తాల్ ఆయుధ కర్మాగారపు స్త్రీలు. నూనెలో తడుస్తూ యంత్రాల దగ్గర నిలబడే వాళ్ళను అక్కడ ‘ఆడ యంత్రాలు’ అనేవారు. 1966 ఫిబ్రవరి 16న మూడు వేల మందికి పైగా పని ఆపారు. పన్నెండు వారాలు ఆపారు. వాళ్ళ చేతిలో వున్న ఆయుధం 119వ అధికరణం. పదేళ్ళ తర్వాత, 1976 ఏప్రిల్ 8న, బెల్జియం విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌గా పనిచేసి నలభై ఏళ్ళకే ఇంటికి పంపబడిన గాబ్రియెల్ డెఫ్రెన్ కేసులో, ఆ అధికరణం కింద ఏ స్త్రీ అయినా నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చని యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

అక్కడికి రెండు నెలల ముందే మన సమాన వేతన చట్టం వచ్చింది. అంతర్జాతీయ మహిళా సంవత్సరంలో, 1975 సెప్టెంబరులో, ఆర్డినెన్సుగా వచ్చి 1976 ఫిబ్రవరిలో చట్టమైంది. రెండిటి మధ్య ఒక మాట తేడా వుంది. 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ‘సమాన విలువ గల పని’ అంటుంది. మన దేశం దాన్ని 1958లో ఆమోదించింది. యూరప్ 1975లో తన ఆదేశంలో ఆ మాట చేర్చుకుంది. మన చట్టం మాత్రం ‘ఒకే పని లేదా అదే స్వభావం గల పని’ అంది. 2019లో పాత చట్టం వేతనాల కోడ్‌లో కలిసిపోయినప్పుడూ ఆ మాట మారలేదు.

ఒక మాట ఎంత దూరం పోతుందో చూడాలంటే కృష్ణా డెల్టాలో ఊడ్పుల వేళ రావాలి. నారు పీకి కట్టలు మోయడం మగ పని, మోకాలి లోతు బురదలో వంగి నాటడం ఆడ పని అయినచోట, అది ఒకే పని కాదు, ఒకే స్వభావం గల పనీ కాదు. కాబట్టి రెండు కూళ్ళు వుండవచ్చు. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించడం లేదు! విలువ అన్న మాట వుండి వుంటే ఎకరం నాటడానికి వంగిన నడుముల విలువెంత, మోసిన కట్టల విలువెంత అని అడిగే వీలుండేది. అడిగే చోటు, అడిగే సంఘం వుండాలన్నది వేరే సంగతి. మట్టిపనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటు అని రాసిన 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఊళ్ళల్లో కూలి బేరాల స్వరాన్నే మార్చింది. చట్టంలో ఒక వాక్యం చేయగలిగింది అంత వుంటుంది.

పేర్లు రాసుకోటానికి వచ్చినప్పుడు

ఉప్పెనలో పోయిన ప్రాణాలు పదివేలన్నది ప్రభుత్వ లెక్క, చూసినవాళ్ళ లెక్క అంతకంటే ఎక్కువ. స్టీఫెన్ కోహెన్, సి.వి. రాఘవులు 1979లో దీనిమీద ఒక పుస్తకం వెలువరించారు. ఆ తర్వాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. ఉప్పెన స్త్రీలను ఎక్కువగా తీసుకుపోతుందన్నది ఇక్కడివాళ్ళకు చదవకుండానే తెలుసు. చీర, జడ, చంకలో బిడ్డ, ఇంట్లో మంచానున్న అత్తగారు. 1991 బంగ్లాదేశ్ తుఫాను మీద జరిగిన పరిశీలనలో 20 నుంచి 44 ఏళ్ళ వయసువాళ్ళలో వెయ్యికి 71 మంది స్త్రీలు, 15 మంది పురుషులు చనిపోయినట్టు తేలింది.

మిగిలినవాళ్ళ సంగతి? నాగాయలంక వైపు పాతతరం స్త్రీలతో మాట్లాడినప్పుడు ఒకావిడ చెప్పిన మాట నా పరిశోధన దారినే మార్చింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. “పేర్లు రాసుకోటానికొచ్చినోళ్ళు ఇంటి పెద్దెవరమ్మా అన్నారు. పెద్దంటే మా ఆయనే గదా. ఆయన లేడు. మా మరిది పేరు చెప్పా” అన్నారు.

“మీ పేరు చెప్పలేదా పెద్దమ్మా?” అని అడిగాను.

“నేను ఇంటి పెద్దనని నాకేం తెలుసమ్మా, ఎవరన్నా చెప్పారా?” అని నవ్వారు.

తిండి సంపాదించేది ఆమె, పిల్లల్ని మోసుకుని నీళ్ళలోంచి బయటపడ్డది ఆమె. కానీ ఆ ఇంటికి పెద్ద మరిది. బెవరిడ్జి నివేదికలో భర్త బీమా కింద వున్న ఇంగ్లీషు భార్యకూ, దివిసీమలో మరిది పేరు కింద వున్న ఈవిడకూ మధ్య సముద్రాలున్నాయి, ఆస్తిలో అంతరం వుంది. కాగితం మీద మాత్రం ఇద్దరూ ఒకే గడిలో వున్నారు.

ఆ గడి మారింది. ఒక్కరోజులో కాదు. 1985లో ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చింది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం రేషను కార్డు కోసం పద్దెనిమిదేళ్ళు దాటిన స్త్రీలలో పెద్దావిడే ఇంటి పెద్ద అంది. అంటే 1977లో ఎవరూ చెప్పని మాట ముప్ఫయ్యారేళ్ళకు చట్టం చెప్పింది. 2020 జనవరిలో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం పిల్లల చదువు డబ్బును తల్లి ఖాతాలో వేశాయి. ఇళ్ళ స్థలాల పట్టాలు స్త్రీల పేరున వచ్చాయి. రాత్‌బోన్ 1945లో సాధించిందీ ఇదే. డబ్బు స్త్రీ ఖాతాలో పడితే ఇంట్లో ఆమె మాటకు బరువు పెరుగుతుందన్నది కాదనలేని సంగతి. ‘ఉచితాలు’ అని ఎగతాళి చేసేవాళ్ళు తమ ఇంట్లో ఎవరి ఖాతాలో ఏముందో ముందు చూసుకోవాలి.

కానీ ఈ పథకాల పేర్లు చదవండి. అమ్మ, తల్లి, వితంతువు. కూలి మనిషి అన్న పేరుతో ఆమెకు ఏముంది? వరి మడులు రొయ్యల చెరువులైనచోట ఊడ్పులు తగ్గాయి. వెదజల్లే పద్ధతి వచ్చినచోట ఇంకా తగ్గాయి. ఆడవాళ్ళకు పోయిన ఆ పనిదినాలకు పరిహారం ఏ పద్దులోనూ లేదు, ఎందుకంటే ఆ పని ఆమె హక్కుగా ఏ పద్దులోనూ ఎక్కలేదు.

సంక్షేమాన్ని ఇంటింటికీ మోసే స్త్రీ పరిస్థితి కూడా ఇదే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. సంక్షేమ బోర్డు నాటి స్వచ్ఛంద సేవ అనే ఆదర్శం ఆ మాటలో ఇంకా బతికుంది. చదువుకున్న ఇళ్ళ స్త్రీలు తీరిక వేళల్లో చేసిన సేవ, బీద ఇళ్ళ స్త్రీలకు పూర్తికాలపు చవక చాకిరీ అయింది. 2022లో సుప్రీంకోర్టు వాళ్ళకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ స్త్రీలు 42 రోజులు సమ్మె చేశారు. వాళ్ళమీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. సేవ అత్యవసరమట, చేసే మనిషి మాత్రం ఉద్యోగి కాదట! ఎర్స్తాల్ స్త్రీలకు ఈ తర్కం వెంటనే అర్థమై వుండేది.

యూరప్‌ను స్వర్గంగా చూపించాలని ఇదంతా రాయడం లేదు. 119వ అధికరణానికి అరవై ఏళ్ళు దాటినా యూరోపియన్ యూనియన్‌లో గంట కూలిలో స్త్రీ పురుషుల తేడా 2023లో సుమారు 12 శాతం. చిన్నపిల్లల సంరక్షణ కేంద్రాలకు 2002లో బార్సిలోనాలో లక్ష్యాలు పెట్టుకున్నారు కానీ, ఇటలీ, జర్మనీ ముసలివాళ్ళ పక్కన రాత్రిళ్ళు కూర్చునేది ఎక్కువగా రొమేనియా నుంచి, పోలండు నుంచి, ఉక్రెయిన్ నుంచి వచ్చిన స్త్రీలు. ఒక స్త్రీ ఉద్యోగానికి వెళ్ళాలంటే ఇంకో స్త్రీ తన పిల్లల్ని వదిలి రావాలన్న లెక్క అక్కడా తెగలేదు. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళే గోదావరి జిల్లాల స్త్రీలను ఎరిగిన మనకు ఇది కొత్త కాదు.

ఎవరు వెళ్ళాలి

జానకమ్మ, రుక్మిణమ్మ, దుర్గాబాయి వెళ్ళగలిగారు కాబట్టి మనకు కొన్ని దారులు తెరుచుకున్నాయి. వాళ్ళు తమ ఇళ్ళ నుంచి, తమ కులాల స్త్రీల కష్టాల నుంచి పుట్టిన ప్రశ్నలు తీసుకెళ్ళారు. ఆ ప్రశ్నలకు తగిన జవాబులే తెచ్చారు. అందులో తప్పు పట్టాల్సింది వాళ్ళను కాదు. తర్వాత డెబ్భై ఏళ్ళలో ప్రతినిధి బృందాల కూర్పు పెద్దగా మారకపోవడాన్ని తప్పు పట్టాలి. ఇప్పటికీ అధ్యయన యాత్రలకు వెళ్ళేది అధికారులు, స్వచ్ఛంద సంస్థల డైరెక్టర్లు, నాలాంటి విశ్వవిద్యాలయాలవాళ్ళు. సంఘాల స్త్రీలు వెళ్ళినా తమ విజయగాథ చెప్పి రావడానికి వెళ్తారు, అవతలివాళ్ళను ప్రశ్నించడానికి కాదు.

నాగాయలంక నుంచి ఒక ఊడ్పుల ముఠా మేస్త్రమ్మ, ఒక అంగన్‌వాడీ ఆయా, రొయ్యల తలలు తీసే ఒక అమ్మాయి ఎర్స్తాల్ వెళ్ళారనుకుందాం. వాళ్ళు అక్కడి మ్యూజియం, పార్లమెంటు భవనం చూసి ఊరుకోరు. ఆ పన్నెండు వారాలూ బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయి, మొగుళ్ళు ఏమన్నారు, పిల్లల్ని ఎవరు చూశారు అని అడుగుతారు. సమాన విలువ అని ఎవరు తూచారు, ఆ తూచే కమిటీలో యంత్రం దగ్గర నిలబడిన మనిషి వుందా అని అడుగుతారు. తిరిగొచ్చాక వేతనాల కోడ్‌లో ఆ ఒక్క మాట ఎందుకు లేదని కూడా వాళ్ళే అడుగుతారు. ఆ ప్రశ్నల జాబితా తయారుచేసుకోవడానికి మాత్రం యూరప్ దాకా పోనక్కర్లేదు. పంటు దిగి ఊళ్ళోకి నడిస్తే చాలు.